సుమారు గారి రాకెట్టు

ముందు డ్రిల్ మోత వినిపించింది. ఇనుప పురుగేదో గోడని తొలుచుకుంటూ లోపలికి వస్తున్నట్టు. ఆగింది. ఒక నిట్టూర్పంత ఖాళీ. మళ్ళీ మోత, ఈసారి రెండు వేళ్ళు పక్కన. మళ్ళీ ఆగింది. మూడోసారి మోగినప్పుడు గోడ సున్నం సన్నగా రాలి, బల్ల మీది తెల్ల కాగితాల మీద ఇంకొంచెం తెల్లగా పడింది. ఆ తర్వాత సుత్తి. ఒక్క స్క్రూ కోసం మూడు కన్నాలు, చివరికి సుత్తి దెబ్బలు. మనిషి కనబడక ముందే అతని జీవితంలో సగం నాకు అర్థమైపోయింది.

తర్వాత కిటికీ అవతల, నిచ్చెన మీద, ఒక తల పైకి లేచింది. యాభై దాటిన తల. కనుబొమ్మల మీద సున్నం. భుజానికి పసుపుపచ్చ డ్రిల్, తుపాకీలా. మొహంలో మాత్రం యుద్ధం గెలిచి వచ్చిన వెలుగు.

“అయిపోయింది మాస్టారూ. ఇక తుపానొచ్చినా లోపలికి చుక్క రాదు.”

“స్క్రూ ఒకటే కదండీ. కన్నాలు మూడెందుకు పడ్డాయి?”

“ఒకటి స్క్రూకి. మిగతా రెండూ గోడకి ఊపిరాడటానికి,” అన్నాడు, ఏమాత్రం తడుముకోకుండా.

ఆ వారంలోనే వాన పడింది. తుపాను కాదు, మామూలు వాన, పిల్లలు కూడా పట్టించుకోని వాన. కిటికీ కింది మూల నుంచి నీళ్ళు ఒక సన్నని గీతగా బయల్దేరి, ఎంతో ఓపికగా నడిచి, నా మంచం కిందికి చేరాయి. అతను పెన్సిలుతో గోడ మీద గీసిన ఏ గీతా అంత తిన్నగా లేదు.

నేను అద్దెకుంటున్నది ఆ కిటికీల షాపు పైగదిలో. కింద పొడుగాటి షెడ్డు. గోడకి ఆనించిన అల్యూమినియం కడ్డీల మీద పొద్దున్నే వెలుతురు వాన నీళ్ళలా జారుతుంది. అద్దాలు బీరువాలో పుస్తకాల్లా నిలబడి ఉంటాయి. ఇంత తేటగా ఉండే చోట ఇంత మసక మనిషి ఎలా బతుకుతున్నాడా అని దిగినప్పుడల్లా అనుకునేవాణ్ణి. అతన్ని షాపులో ఎవరూ పేరుతో పిలవరు. సుమారు అంటారు. వీధిలోనూ సుమారే. మర్యాద తెలిసినవాళ్ళు సుమారు గారూ అంటారు. అతను అందరికీ పలుకుతాడు.

ఆ పేరు పెట్టింది వాళ్ళ నాన్న. ఆయన ఇనప కిటికీలు చేసేవాడట. కొలిచేటప్పుడు టేపు ఈ చివర ఆయన పట్టుకుంటే ఆ చివర పిల్లల్లో ఒకరు పట్టుకోవాలి. కూతురు పట్టుకుంటే కిటికీ సరిపోయేది. కొడుకు పట్టుకుంటే బొటనవేలంత తేడా వచ్చేది. “ఎక్కడ పట్టుకున్నావురా?” అని అరిస్తే, “సుమారుగా ఇక్కడే నాన్నా,” అనేవాడట. ఆ కూతురే ఇప్పుడు షాపు ఓనరమ్మ. తమ్ముడికన్నా ఆరేళ్ళు పెద్ద. కళ్ళజోడు దారానికి వేలాడుతుంటుంది, టేపు ఎప్పుడూ కొంగున ఉంటుంది. తండ్రి పోయేటప్పుడు ఆమెకి షాపు వదిలిపోయాడు, షాపుతోపాటు సుమారునీ వదిలిపోయాడు.

అతని పనితనం గురించి ఒక్క మాట చెప్పాలి, ఎందుకంటే దాన్ని అతను విద్య అనుకునేవాడు. ఫ్రేము నిలబెట్టాక, ఇంటాయన సోఫాలో కూర్చుంటే ఎక్కడ కూర్చుంటాడో చూసుకుని, తనూ అక్కడికి వెళ్ళి, ఒక కన్ను మూసి చూసేవాడు. అక్కడి నుంచి తిన్నగా కనిపిస్తే చాలు. పక్క నుంచి, కింద నుంచి, బయటి నుంచి ఎంత సందు ఉన్నా అది లెక్కలోకి రాదు. సందులోకి నురగలా ఉబ్బే ఫోమ్ కొట్టి, దాని మీద లప్పం పూసి, బొటనవేలితో ఒక్కసారి నున్నగా రాసేవాడు. ఆ బొటనవేలి రాతకి ఊళ్ళో పేరుంది. పెళ్ళికూతురి బుగ్గకి పౌడరు రాసినంత నాజూగ్గా రాసేవాడని చెప్పుకునేవారు. లోపల ఏముందో ఎవరికీ తెలియదు. లోపల ఏమీ లేదని నా మంచం కింది నీళ్ళకి తెలుసు.

అతని భార్య ఆసుపత్రిలో మందులు కొలిచి పొట్లాలు కట్టే ఉద్యోగం చేస్తుంది. ఆ ఇంట్లో మేకు కొట్టాల్సి వస్తే ఆమే కొడుతుంది. అంతకుమించి ఆవిడ అతని గురించి ఎప్పుడూ ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడంలో ఆవిడంత తూకంగా మాట్లాడినవాళ్ళని నేను చూడలేదు.

ఇంతకీ అతనికి ఊళ్ళో ఉన్న గొప్పంతా ఆ డ్రిల్‌దే. సెలవురోజు మంగలి దగ్గరికి వెళ్ళినా భుజాన డ్రిల్ ఉండాల్సిందే. “సుమారు గారూ, మా గోడకో కన్నం పెట్టి పోదురూ” అని గుమ్మంలోంచి ఎవరో ఒకరు పిలవాలి. పిలిస్తే అతను వీధి మధ్యలో ఆగి, చెయ్యి అడ్డం పెట్టుకుని ఆ ఇంటిని పైనుంచి కిందిదాకా ఒకసారి చూసేవాడు, కొందామా వద్దా అన్నట్టు.

ఆ డ్రిల్ పోయింది.

ఒక బడిలో మూడో అంతస్తు మెట్ల దగ్గర అతను పెట్టిన ఫ్రేము, పెట్టిన నాలుగు నెలలకి, అద్దంతో సహా, మధ్యాహ్నం పూట, ఎవరూ తోయకుండా, తనంతట తను దిగిపోయింది. కింద సైకిళ్ళు ఉన్నాయి. పిల్లలు లోపల ఉన్నారు. అప్పటికి ఇంకా గంట కొట్టలేదు, అంతే. ఓనరమ్మ వెళ్ళి చూసి వచ్చింది. షెడ్డులో అందరూ ఉండగా తమ్ముడి భుజం మీంచి డ్రిల్ తీసుకుని ఇనప బీరువాలో పెట్టి తాళం వేసింది.

“అక్కా, అది గాలికి...”

“గాలికి ఏం తెలుసురా, అది అన్ని కిటికీలకీ ఒకేలా తగుల్తుంది. పడింది నువ్వు పెట్టింది. ఇకనుంచి ముందు గదిలో కూర్చుని ఫోన్లు ఎత్తు. నీ చేతికి ఇంకేమీ ఇవ్వను.”

ముందు గదిలో రెండు బల్లలు. ఒక బల్ల దగ్గర ఫోను, ఫోను వెనక సుమారు, భుజం ఖాళీగా, ఈకలు పీకిన కోడిలా. ఇంకో బల్ల దగ్గర డ్రాయింగమ్మాయి. కిటికీల బొమ్మలు కంప్యూటర్లో గీసే పిల్ల, మాటకి ముందు నవ్వే పిల్ల. మధ్యాహ్నం తిండి తినే అరగంటా కుడిచేత్తో తింటూ, ఎడంచేత్తో మౌసు పట్టుకుని ఏదో ఆట ఆడుతుండేది. సుమారు నాలుగు రోజులు చూసి చూసి అయిదోరోజు కుర్చీ జరుపుకున్నాడు.

“ఏంటమ్మాయ్ అది, చిమ్నీయా?”

“రాకెట్ బాబాయ్. మనమే కట్టాలి. అదిగో, పక్కన ముక్కలన్నీ ఉన్నాయి. ఇది మనుషులు కూర్చునే గది, ఇవి ఇంధనం డబ్బాలు, ఇది ఇంజను. ఒకదానికొకటి తగిలించి పైకి పంపాలి.”

“ఇంతేనా? డబ్బా మీద డబ్బా! దీనికి కంప్యూటరెందుకు? ఇటివ్వు, నువ్వు చెయ్యి కడుక్కొచ్చేలోపు కడతాను.”

నేను అప్పుడు అద్దె రసీదు కోసం కిందికి దిగి ఉన్నాను. అతను నిజంగానే ఆ పిల్ల చెయ్యి కడుక్కొచ్చేలోపు కట్టేశాడు. తెర మీద బారెడు రాకెట్టు, పైన గది, మధ్యలో డబ్బాలు, కింద ఇంజను. కుర్చీ వెనక్కి వాలి ఒక కన్ను మూసి చూశాడు. తిన్నగా ఉంది. పంపే బటను నొక్కాడు.

ప్రయోగ మైదానం కనిపించింది. విశాలంగా, పచ్చగా, మబ్బులతో. మధ్యలో నేల మీద మనుషులు కూర్చునే గది ఒక్కటే ఉంది, బోర్లించిన టీ కప్పులా. డబ్బాలు లేవు. ఇంజను లేదు. గదిలో ఉన్న బుల్లి మనిషి ఒకడు కళ్ళు టపటపలాడిస్తూ బయటికి చూస్తున్నాడు.

“మిగతాదంతా ఏదీ?” అన్నాడు సుమారు.

“ఆటలో రాకెట్లు కట్టే షెడ్డు ఉంటుంది, అందులోనే ఉండిపోయింది బాబాయ్. అతకలేదు కదా.”

“అతకలేదేంటమ్మా, నా కళ్ళముందే అతికింది!”

ఆ పిల్ల తెర మీద మళ్ళీ ఆ షెడ్డులోకి వెళ్ళి, మౌసుతో బొమ్మని పక్కకి తిప్పింది. రాకెట్టు అని మేం చూసింది రాకెట్టు కాదు. గది ఇక్కడ, డబ్బాలు ఎక్కడో వెనకాల, ఇంజను గదికన్నా ముందు. ఒకళ్ళంటే ఒకళ్ళకి పడని బంధువులు ఫోటో కోసం వరసలో నిలబడ్డట్టు. ఎదురుగా చూస్తే మాత్రం ఒకే కుటుంబం.

“ముక్క చివర్లో ఆకుపచ్చ చుక్క ఉంటుంది చూడు. ఈ చుక్కా ఆ చుక్కా కలిసి టక్కున పట్టుకోవాలి. నువ్వు దగ్గరికి తెచ్చి ఆనించావంతే. పక్కకి తిప్పి చూడలేదు.”

“పక్క నుంచి ఎవడు చూస్తాడమ్మా?”

ఆ ప్రశ్నలో ఎకసెక్కం లేదు. మనస్ఫూర్తిగా అడిగాడు. ముప్పై ఏళ్ళుగా అతని చేత కిటికీలు పెట్టించుకున్న ఇళ్ళన్నిటికీ నా సానుభూతి అప్పుడే మొదలైంది.

గుమ్మంలో ఓనరమ్మ నిలబడి ఉంది. ఫోను మోగి మోగి ఆగిపోయిందని వచ్చింది. వెనక షెడ్డులో పనివాళ్ళు ముగ్గురు తొంగి చూస్తున్నారు. ఆమె కళ్ళజోడు పెట్టుకుని, తెర మీద చెల్లాచెదురుగా వేలాడుతున్న ముక్కల్ని కాసేపు చూసింది.

“అందులో లప్పం ఉండదట్రా?”

పనివాళ్ళు నవ్వారు. సుమారు చెవులు ఎర్రబడ్డాయి.

“రెండురోజులు కూర్చుంటే వచ్చేస్తుందక్కా. పిల్లలాట ఇది.”

“అయితే కూర్చో. అదిగో, వీళ్ళందరి ముందూ చెబుతున్నా. ఆ బొమ్మని నిటారుగా పైకి పంపి, లోపలున్న వాణ్ణి బతికుండగా కిందికి దింపు. నా కళ్ళముందు. ఆ రోజు నీ డ్రిల్ నీ భుజాన పెడతా. అప్పటిదాకా బీరువా వైపు చూశావంటే కళ్ళు పీకుతా.”

ఆమె వెటకారంగానే అంది. కానీ ఆమె మాటంటే మాట, అది షెడ్డులో అందరికీ తెలుసు. సుమారుకి అందరికన్నా బాగా తెలుసు. ఆ మధ్యాహ్నం నుంచి అతనికి లోకంలో ఉన్నవి రెండే. తాళం వేసిన బీరువా, తెర మీద ఆకుపచ్చ చుక్క.

మొదటి వారం అతను ఏం చేశాడో ఎవరైనా ఊహించగలరు. డ్రాయింగమ్మాయిని బతిమాలి ఒక రాకెట్టు కట్టించుకున్నాడు. అక్కని పిలుచుకొచ్చి, గంభీరంగా బటను నొక్కాడు. రాకెట్టు సూదిలా లేచింది. మబ్బుల్ని కుట్టుకుంటూ పోయింది. మళ్ళీ పారాచూట్ గొడుగు విప్పుకుని సముద్రంలో దిగింది. పనివాళ్ళు చప్పట్లు కొట్టబోయారు.

“బాగుంది,” అంది ఓనరమ్మ. “ఇప్పుడు దీన్ని విప్పి మళ్ళీ కట్టు. నేనిక్కడే కూర్చుంటా.”

విప్పడం చక్కగా విప్పాడు. తిరిగి కట్టేటప్పటికి నుదుటి మీద చెమట పట్టింది. ఇంజను తలకిందులుగా వచ్చింది. ఒక డబ్బా ఎటుపోయిందో తెలియలేదు. అరగంట తర్వాత ఓనరమ్మ లేచి, ఒక్క మాటా అనకుండా వెళ్ళిపోయింది. ఆమె తిట్టి ఉంటే అతనికి అలవాటే కాబట్టి తట్టుకునేవాడు.

ఆ తర్వాత నిజంగా కూర్చున్నాడు. మెచ్చుకోవడానికి చెప్పడం లేదు. వేరే దారి లేకే కూర్చున్నాడు. ఫోన్లు తక్కువగా వచ్చే మధ్యాహ్నాలు, షెడ్డులో రంపం నిద్రపోయే వేళల్లో, ముందు గదిలో మౌసు చప్పుడూ అతని తిట్లూ కలిసి వినిపించేవి. రాకెట్టుకి చెరో పక్కా ఉండే డబ్బాలు రెండూ చేత్తో పెట్టాడు. ఒకటి రెండోదానికన్నా వెంట్రుకవాసి పైన. రాకెట్టు లేచి, తాగినవాడిలా ఒక పక్కకి ఒరిగి, చుట్టూ తిరిగి, ఆటలోని షెడ్డు మీదే పడింది.

“ఇంత చిన్న తేడాకి ఇంత గొడవా!” అన్నాడు.

“కింద చిన్నదే బాబాయ్. పైకెళ్ళేకొద్దీ పెరుగుతుంది. ఈ మీట నొక్కు, ఒక పక్క పెడితే రెండో పక్క సరిగ్గా ఎదురుగా దానంతటదే వస్తుంది.”

“నాకొద్దు. నా చేతికి ఆ మాత్రం రాదా?”

పదహారుసార్లు షెడ్డు మీద పడేసుకున్నాక ఆ మీట నొక్కాడు. అవమానాన్ని కూడా అతను సుమారుగానే మింగాడు. “సర్లే, టైము కలిసొస్తుందని,” అన్నాడు.

కానీ అన్నిటికన్నా అతన్ని ఏడిపించింది విడిపోయే చక్రం. ఖాళీ అయిన డబ్బాల్ని దారిలో వదిలేయడానికి మధ్యలో ఒక చక్రం పెట్టాలి. పెట్టాడు. దాని పక్కనే గొడుగు పెట్టె తగిలించాడు. రాకెట్టు లేచింది, తిన్నగా పోయింది, చక్రం విడిపోయింది. డబ్బాలతోపాటు గొడుగు కూడా వెళ్ళిపోయింది. గదిలోని బుల్లి మనిషి ఆ గొడుగుని చూస్తూ రాయిలా కిందికి వచ్చాడు.

“గొడుగు గదికే కదా పెట్టాను! చూడు, ఆనుకునే ఉంది!”

“గదికి ఆనుకుంది. అతికింది మాత్రం చక్రానికి. చూడటానికి తెలీదు బాబాయ్. దేన్నైనా పట్టుకుని లాగి చూడు. ఏది వెంట వస్తే దానికే అతికినట్టు.”

సుమారు చక్రాన్ని పట్టుకుని లాగాడు. గొడుగు బుద్ధిగా దాని వెంట వచ్చేసింది. గది ఒంటరిగా గాల్లో మిగిలింది. అతను మౌసు వదిలేసి తన బొటనవేలి వైపు చూసుకున్నాడు. అతని మొహంలో ఆలోచన లాంటిది కనిపించడం నేను చూసింది అదొక్కసారే. దాన్ని పశ్చాత్తాపం అని పెద్ద పేరు పెట్టి పిలవను.

దాని ఫలితం మాత్రం మేమందరం అనుభవించాం. ఆ రోజు నుంచి అతను కనిపించినవన్నీ పట్టుకుని లాగడం మొదలుపెట్టాడు. ఫోను తీగ లాగాడు. టీ తెచ్చినామె కప్పు చెవి లాగాడు. ఒకరోజు నా గదికి వచ్చి తలుపు పిడి పట్టుకుని లాగాడు. అది అతని చేతిలోకి వచ్చేసింది.

“చూశారా మాస్టారూ! ఇది తలుపుకి అతకలేదు, తలుపు రంగుకి అతికింది. ఏ దద్దమ్మ పెట్టాడండీ దీన్ని?”

“మీరే.”

“ఎప్పుడు?”

“పోయిన ఏడు.”

“ఓహో, అప్పుడా,” అన్నాడు, ఆ ఏడాదిలో తనెక్కడో ఊరెళ్ళినట్టు. పిడి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

ఆరో వారంలో ఓనరమ్మని పిలిచాడు. ఈసారి డ్రాయింగమ్మాయిని గది బయట నిలబెట్టాడు. తెర మీద ఖాళీ షెడ్డుతో మొదలుపెట్టాడు. గది. తిప్పి చూశాడు. డబ్బా. టక్. తిప్పి చూశాడు. చక్రం, అది ఎటు విడిపోతుందో చెప్పే బాణం గుర్తు పైకి ఉందో కిందికి ఉందో చూసుకున్నాడు. ప్రతి ముక్కనీ పట్టుకుని ఒకసారి లాగి, వెంట ఏది వస్తుందో చూసి, తిరిగి పెట్టాడు. అతని వేళ్ళు ఎన్నడూ లేనంత నెమ్మదిగా కదులుతుంటే, పనివాళ్ళు నవ్వడం మానేసి విసుక్కోవడం మొదలుపెట్టారు. రాకెట్టు లేచింది. నీలం చిక్కబడి నలుపయింది. చక్రం విడిపోయింది, డబ్బాలు ఆకుల్లా వెనక్కి రాలాయి. ఎర్రగా కాలుతూ గది దిగింది. గొడుగు గదితోనే ఉంది. విచ్చుకుంది. నీళ్ళలో చిన్న చప్పుడు.

“ఇప్పుడు విప్పి మళ్ళీ కట్టనా?” అన్నాడు, అక్క వైపు చూడకుండా.

“అక్కర్లేదులే.” ఆమె లేచి వెళ్ళి బీరువా తీసింది. డ్రిల్ తెచ్చి అతని భుజాన వేసింది. పట్టీ మెలిపడితే తనే సరిచేసింది. ఆమె కళ్ళజోడు వెనక ఏదో మెరిసింది. అద్దాల షాపులో ప్రతిదీ మెరుస్తుంది, నేను దాన్ని లెక్కలోకి తీసుకోను.

ఆదివారం అతని మొదటి పని. ఒక పాత మేడ మీద కొత్తగా తెరుస్తున్న పళ్ళ డాక్టరు క్లినిక్కుకి కిటికీ. గురువారం ప్రారంభం. “మీరూ రండి మాస్టారూ, మా తమ్ముడు మనిషయ్యాడు, చూద్దురుగాని,” అని ఓనరమ్మ నన్నూ రమ్మంది. సెలవు కదా అని వెళ్ళాను. అక్కడ పని చేయిస్తున్న మేస్త్రీ ఒకడు, చెవిలో పెన్సిలు, చేతిలో ఫోను, పది పనుల మీద పది అరుపులు.

సుమారు వీధంతా డ్రిల్ కనిపించేలా నడిచి వచ్చాడు. పైకెక్కి కిటికీ ఖాళీ ముందు నిలబడ్డాడు. నేను అలవాటు కొద్దీ అతను వెనక్కి వెళ్ళి ఒక కన్ను మూస్తాడని ఎదురుచూశాను. మూయలేదు. టేపు తీశాడు. ఒక మూల నుంచి ఎదురు మూలకి కొలిచాడు. మిగిలిన రెండు మూలల మధ్య కొలిచాడు. రెండు కొలతలకీ రెండు వేళ్ళ తేడా. సగం శరీరం బయటికి వంచి అవతలి నుంచి చూశాడు. వెనక్కి వచ్చి, ఖాళీ అంచు మీద గోడని పట్టుకుని లాగాడు.

గోడ అతని చేతిలోకి వచ్చింది. అంటే గోడంతా కాదు, పైపూత, అరచేతి వెడల్పున. దాని వెనక పాత ఇటుక పొడిపొడిగా, తడిసిన బిస్కెట్టులా ఉంది.

“ఇక్కడ పెట్టను,” అన్నాడు.

“ఏంటీ?” అన్నాడు మేస్త్రీ.

“గోడ వంకర. పైగా స్క్రూలు పూతకి పట్టుకుంటాయి, గోడకి కాదు. అంచు కొట్టేసి కొత్తగా కట్టించండి. ఆరాక పెడతాను.”

“కొత్తగానా? గురువారం డాక్టరుగారు కత్తెర పట్టుకుని వస్తారయ్యా! ఊళ్ళో ఏ గోడ తిన్నగా ఉందో చెప్పు! ఫోము కొట్టు, లప్పం రాయి. నీ బొటనవేలికి పేరుందని కదా నిన్ను పిలిపించింది!”

ఓనరమ్మ మధ్యలోకి వచ్చింది. ఆమె కూడా అంచు లాగి చూసింది. కాసేపు ఆ పొడి వేళ్ళ మధ్య నలిపింది. “కాస్త పొడుగు స్క్రూలు వేద్దాంరా. సర్దుకుపోదాం. పాత మేడలన్నీ ఇంతే.”

“పొడుగువి వేస్తే పొడుగ్గా ఊడతాయి. బయటి నుంచి చూశావా అక్కా? వంగి చూడు.”

“నేను చూడక్కర్లేదు. నాకు ఊళ్ళో పని కావాలి, నిలబడ్డ పేరు కావాలి. ప్రతి గోడనీ ఇలా లాగుతూ కూర్చుంటే మన షాపుకి కిటికీ మిగలదు. పెడతావా, పెట్టవా?”

గది నిండా సిమెంటు వాసన. కింద వీధిలో ఎవరో సుమారు గారూ అని కేకేశారు, డ్రిల్ చూసి ఉంటారు. అతను ఆ కేక వైపు తల తిప్పాడు. దాహంగా తిప్పాడు. తర్వాత భుజం మీంచి పట్టీ తీసి, డ్రిల్‌ని అక్క చేతుల్లో పెట్టాడు. పెట్టేటప్పుడు కూడా ఆమె రెండు చేతులూ దాన్ని పట్టుకున్నాయో లేదో చూసుకుని గానీ వదల్లేదు.

“నీకు పని నేర్పిస్తే పని మానేశావు కదరా!” అంది ఓనరమ్మ. ఆ గొంతులో కోపం ఎంతో, మరేదో ఎంతో నేను తూకం వేయలేను.

మేస్త్రీ ఫోను చేస్తే గంటలో ఇంకో షాపు మనిషి వచ్చాడు. సాయంత్రానికి కిటికీ నిలబడింది. వీధిలోంచి చూస్తే ముచ్చటగా ఉంది. గురువారం డాక్టరు కత్తెరతో వచ్చాడు. ఇప్పటిదాకా ఏమీ కాలేదు. ఎప్పటికీ కాకపోవచ్చు. రోడ్డు మీద నడిచేవాళ్ళు పైకి చూడకుండా నడుస్తున్నారు.

నేను సుమారుని గౌరవించడం మొదలుపెట్టానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ముప్పై ఏళ్ళు అశ్రద్ధతో పని తప్పించుకున్న మనిషి, ఇప్పుడు శ్రద్ధతో తప్పించుకుంటున్నాడు, అంతే కావచ్చు. వీధిలో ఇప్పుడు అతన్ని ఎవరూ పిలవరు. అతనూ ఎవరి వైపూ చూడడు. చూస్తే ఆ ఇంటి గుమ్మం ఎన్ని వేళ్ళు వంకరో చెబుతాడు. ఇది ముందు జబ్బుకన్నా పెద్ద జబ్బు. వంకర మనిషిని ఊరు ముద్దుగా భరించింది. కొలిచే మనిషిని భరించలేకపోతోంది. ఓనరమ్మ మాత్రం డ్రిల్‌ని బీరువాలో పెట్టలేదు. ముందు గదిలో, అతని బల్ల మీద, ఫోను పక్కనే పెట్టింది. తాళం లేదు. చెయ్యి చాపితే అందుతుంది. అతను చాపడు. పళ్ళ డాక్టరు కిటికీకి ఎదురుగా ఉన్న కాలిబాట మీద కూడా నడవడట, డ్రాయింగమ్మాయి చెప్పింది.

నిన్న మధ్యాహ్నం దిగాను. ఫోను మోగుతోంది. అతను తెర ముందు వంగి ఉన్నాడు. గుమ్మంలోంచి వచ్చే వెలుతురు అతని నెరిసిన జుట్టు అంచున నిలబడి ఉంది. తెర మీద ఏదో సాలీడు లాంటి యంత్రం, దానికి నాలుగు కాళ్ళు.

“డ్రిల్ ఎదురుగానే ఉందిగా. మీ అక్కగారితో ఒక్క మాట అనుకుంటే సరిపోతుంది కదండీ? ఇలా ఎన్నాళ్ళు కూర్చుంటారు?” అన్నాను.

అతను తల తిప్పలేదు. యంత్రాన్ని పక్కకి తిప్పాడు, కిందికి తిప్పాడు, ఒక కాలు పట్టుకుని లాగి చూశాడు.

“తిన్నని గోడ ఎక్కడైనా ఉంటే చెప్పండి, ఇప్పుడే వస్తా. లేదంటే కాస్త ఆ గుమ్మంలోంచి తప్పుకోండి మాస్టారూ, చంద్రుడి మీద దిగాలి, మీ నీడ పడి నాలుగో కాలు సరిగ్గా కనిపించట్లేదు.”